రెండు దోమలు, లెక్కకు రాని రోగులు



ఇంతవరకు రక్తపోటు గురించి, మధుమేహం గురించి, వానాకాలపు జ్వరాల గురించి వ్రాస్తూ వచ్చాను. ఈసారి ఏదో ఒక వ్యాధి గురించి కాక, వ్యాధుల గురించి మనకు తెలిసిన సంగతులు ఎలా తెలుస్తాయో వ్రాయదలచాను. ఒక వైద్యుడు తాను చూచినదాన్ని వ్యాసంగా కూర్చి వైద్యపత్రికకు పంపడం ఎలా జరుగుతుంది? ఇది వైద్యుల సొంత వ్యవహారమని మీరు అనుకోవచ్చు. కాని వైద్యుడు మీకు ఫలానా మందు వ్రాసినప్పుడు, అది పనిచేస్తుందని అతనికి చెప్పినది ఎవరో వ్రాసిన వ్యాసమే. ఆ వ్యాసంలో లెక్క తప్పితే, ఆ తప్పును అనుభవించేది చివరికి రోగియే.

కొంతకాలం క్రితం దూలపల్లిలోని మా ఇంటికి ఒక యువ వైద్యురాలు వచ్చింది. మా వీధిలో పెరిగిన పిల్ల. ఇప్పుడు పీజీ చదువుతున్నది. మధుమేహ రోగుల పాదాలకు పడే పుండ్లపై పరిశోధన గ్రంథం వ్రాసింది. దానిని వ్యాసంగా కుదించి ఒక పత్రికకు పంపాలని ఆమె ఆరాటం. చేతిలోని ఫోను నాకు చూపించింది. మూడు రోజులలో అంగీకారపత్రం, వారంలో ప్రచురణ, దానికి ఇంత రుసుము అని ఎవరో పంపిన సందేశం అది.

"సార్, చదువు పూర్తయ్యేలోగా ఒక్క వ్యాసమైనా అచ్చు కావాలి. వీళ్ళకు పంపేయనా?" అని అడిగింది.

"ముందు నీ లెక్కలు చూపించమ్మా" అన్నాను.

పట్టికలు చక్కగానే ఉన్నాయి. అయితే మొదట చేర్చుకొన్న రోగుల సంఖ్యకు, చివరి పట్టికలోని సంఖ్యకు పొంతన లేదు. అదేమని అడిగితే, "మధ్యలో రావడం మానేసినవాళ్ళను తీసేశాం సార్" అన్నది. ఎందుకు మానేశారని అడిగాను. "తెలియదు సార్" అన్నది.

ఆ మాట నన్ను దాదాపు నలభై ఏళ్ళ వెనక్కు తీసుకువెళ్ళింది.

అప్పుడు నేను ఒక జిల్లాలోని చిన్న ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేవాణ్ణి. నాట్ల కాలంలోను, కోతల కాలంలోను పాముకాటు కేసులు విరివిగా వచ్చేవి. ఎవరు ఎన్ని గంటలకు వచ్చారు, ముందుగా మంత్రగాడి దగ్గరకు వెళ్ళారా, విరుగుడు ఇంజెక్షన్లు ఎన్ని పడ్డాయి, చివరికి ఏమైంది అన్న వివరాలన్నీ ఒక పొడవాటి పుస్తకంలో వ్రాసుకొనేవాణ్ణి. కొన్నేళ్ళకు ఆ పుస్తకమే ఒక వ్యాసానికి ముడిసరుకైంది. త్వరగా వచ్చినవారిలో దాదాపు అందరూ బ్రతికారన్నది నా సారాంశం. టైపు మిషనుపై కార్బను కాగితాలు పెట్టి ప్రతులు తీయించి, రిజిస్టరు పోస్టులో ఒక వైద్యపత్రికకు పంపాను. ఆ రోజు పోస్టాఫీసు నుండి తిరిగి వస్తున్నప్పుడు కలిగిన గర్వం నాకు ఇప్పటికీ గుర్తున్నది.

నెలలు గడిచాక వ్రాతప్రతి తిరిగి వచ్చింది. దానిని చదివిన నిపుణుడెవరో నాకు తెలియదు. ఆయన అడిగిన ప్రశ్నలలో ఒకటి మాత్రం ముల్లులా గుచ్చుకొన్నది: "పెద్దాసుపత్రికి పంపిన రోగులను మీరు ఏ కోవలో లెక్కించారు?"

పుస్తకం తెరచి చూచాను. అటువంటివారు ఏడుగురు. వాళ్ళు మా ఆసుపత్రిని ప్రాణాలతో విడిచి వెళ్ళారు గనుక, వాళ్ళను బ్రతికినవారిలో కలిపివేశాను. మోసం చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. ఆలోచించలేదు, అంతే.

ఆదివారాలలో బస్సులెక్కి ఆ ఊళ్ళకు వెళ్ళాను. ఏడుగురిలో ఐదుగురి ఇళ్ళు దొరికాయి. ముగ్గురు క్షేమంగా ఉన్నారు. ఇద్దరు లేరు. వారిలో ఒకడు పన్నెండేళ్ళ బాలుడు. రక్తపింజరి కరచిన గంటలోపే తండ్రి భుజాన వేసుకొని తెచ్చాడు. "మీరు పంపినంక పది దినాలు బతికిండు సార్. మూత్రం బందయింది" అని ఆ తండ్రి చెప్పాడు. నన్ను నిందించలేదు. మంచం వాల్చి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు.

రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొట్టడమే కాక మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుంది. ఈ సంగతి పుస్తకాలలో చదివినదే. అయినా ఆ తరువాతనే మా వార్డులో పాముకాటు రోగుల మూత్రాన్ని గంటగంటకు కొలిచి వ్రాయించడం మొదలుపెట్టాను. త్వరగా వచ్చినంత మాత్రాన గండం గడిచినట్లు కాదని నేర్చుకొన్నాను.

ఇక చెప్పవలసిన అసలు తప్పు ఇది. సరిదిద్దిన ఆ వ్యాసాన్ని నేను మళ్ళీ పంపలేదు. మొదట సిగ్గు, తరువాత పని ఒత్తిడి, ఆ తరువాత బదిలీ. వ్రాతప్రతి ట్రంకుపెట్టె అడుగుకు చేరింది. నేను నేర్చుకొన్నది మా వార్డు గోడలు దాటలేదు. నావంటి మరో వైద్యుడు మరో ఊళ్ళో అదే పొరపాటు చేసి ఉంటే, దానిని ఆపగలిగిన కాగితం నా పెట్టెలోనే పడి ఉన్నది.

ఈ కథ విని ఆ అమ్మాయి తలవంచుకొన్నది. ఆమెను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. అందుకని మన ఊరికి దగ్గరలోనే జరిగిన మరొక కథ చెప్పాను.

దూలపల్లి నుండి సుచిత్ర, బోయిన్‌పల్లి మీదుగా బేగంపేట వెళితే, పాత విమానాశ్రయానికి దగ్గరలో రోనాల్డ్ రాస్ పేరిట ఒక పాత భవనం ఉన్నది. 1897 ఆగస్టు 20న అక్కడే ఆయన ఒక దోమను కోసి సూక్ష్మదర్శిని క్రింద చూచారు. ఆ దోమ నాలుగు రోజుల ముందు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం త్రాగినది. దాని జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. మరునాడు మరొక దోమలో అవే కణాలు మరింత పెద్దవిగా కనిపించాయి. అంతకు ముందు రెండేళ్ళకు పైగా ఎన్నో దోమలను కోసినా ఆయనకు దక్కినది నిరాశే.

ఆ ఫలితాన్ని వివరిస్తూ ఆయన వ్రాసిన వ్యాసం 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. దాని శీర్షికను తెలుగులో చెప్పుకొంటే, మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని విచిత్రమైన రేణువుల కణాల గురించి అని అర్థం. మలేరియా రహస్యం ఛేదించానని ఆ శీర్షిక చెప్పదు. చూచినవి రెండు దోమలు గనుక రెండు అనే వ్రాశారు. కణాలు విచిత్రంగా ఉన్నాయి గనుక విచిత్రమైనవనే అన్నారు. అంతేకాదు, స్మిత్ అనే మరొక సైనిక వైద్యునికి వాటిని చూపించి, ఆయన వ్రాసిన గమనికను కూడా వ్యాసంతో జతపరచారు. "నేను చూచాను" అన్న మాటకు "నేనూ చూచాను" అని మరొకరు తోడు నిలవడం అన్నమాట. నేడు పత్రికలు జరిపించే తోటి నిపుణుల సమీక్షకు మూలభావం కూడా ఇదే.

అంతలోనే రాస్‌కు రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ అయింది. బదిలీ అంటే ఏమిటో ప్రభుత్వ వైద్యులకు వేరే చెప్పనక్కరలేదు. పని మధ్యలో తెగిపోయింది. కాని అప్పటివరకు చూచినది కాగితం మీదకు ఎక్కింది గనుక అది నిలిచింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, దోమలో ఆ పరాన్నజీవి జీవితచక్రాన్ని పూర్తిగా చూపగలిగారు. 1902లో నోబెల్ బహుమతి అందుకొన్నారు.

అయితే ఆనాటి పద్ధతులన్నీ నేడు చెల్లవు. హుసేన్ ఖాన్‌కు కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారని చెబుతారు. నేడైతే నైతిక సంఘం అనుమతి, రోగికి అర్థమయ్యే భాషలో వివరించి తీసుకొన్న సమ్మతిపత్రం లేనిదే ఏ మంచి పత్రికా అటువంటి వ్యాసాన్ని తాకదు.

ఆ తరువాత ఇద్దరం కూర్చొని ఆమె వ్రాతప్రతిని మొదటి నుండి చూచాము. వైద్యవ్యాసానికి ఒక అంగక్రమం ఉన్నది: ఎందుకు చేశాము, ఎలా చేశాము, ఏమి కనిపించింది, దాని అర్థమేమిటి. వీటిలో ప్రాణం "ఎలా చేశాము" అన్న భాగంలో ఉంటుందని నా నమ్మకం. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. వారి ముఖం ఎరుగనివారు కూడా ఆ వ్యాసం చదివి, అదే రీతిలో రసాయనాలు కలిపి కొలవగలిగారు. అందుకే ఆ పద్ధతి తరాల తరబడి ప్రయోగశాలలలో నిలిచింది. మరొకరు మళ్ళీ చేసి చూడగలిగేటట్లు వ్రాయడమే పద్ధతుల విభాగపు పరమార్థం.

రచయితల పేర్ల దగ్గర ఒక చిక్కు వచ్చింది. పనితో సంబంధం లేని ఒక పెద్దమనిషి పేరు చేర్చమని ఆమెకు ఎవరో సలహా ఇచ్చారట. 1978లో కొందరు వైద్యపత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై వ్రాతప్రతుల తయారీకి ఉమ్మడి నియమాలు రూపొందించుకొన్నారు. ఆ సంఘం నేడు విధించే నియమం ప్రకారం, అధ్యయనంలో గణనీయమైన పాత్ర, వ్రాయడంలోనో దిద్దడంలోనో భాగం, తుదిప్రతికి ఆమోదం, వ్యాసానికి జవాబుదారీ, ఈ నాలుగూ ఉన్నవారే రచయితలు. మిగిలినవారికి కృతజ్ఞతలు చెప్పుకోవచ్చు.

ఇక ఆ ఫోను సందేశం సంగతి. నిజమైన సమీక్షకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. చదవకుండానే అంగీకరించేవారు అమ్మేది అచ్చు కాగితం మాత్రమే. నేటి మంచి పత్రికలలో కూడా కొన్ని రుసుము తీసుకొంటాయి. రుసుము ఉన్నంత మాత్రాన తప్పుపట్టనక్కరలేదు. అది ముందుగా చెప్పారా, సంపాదకవర్గంలో పేర్లున్నవారు నిజంగా ఉన్నారా, సమీక్ష జరుగుతున్నదా అన్నవి చూడాలి. ఇటువంటి మోసపు ప్రచారాలు చేసినందుకు హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం తీర్పునిచ్చింది. మన నగరానికి ఇది గర్వకారణం కాదు.

ఆ అమ్మాయి ఆ సందేశాన్ని తుడిచివేసింది. రావడం మానేసిన రోగుల ఫోను నంబర్లు వెదికి, రాత్రి డ్యూటీలు అయ్యాక ఒక్కొక్కరికి ఫోను చేసింది. కొందరు ఇంటికి దగ్గరలోని ఆసుపత్రికి మారారు. కొందరికి పుండు మానిపోయింది. ఒకాయనకు మరొక ఆసుపత్రిలో మోకాలి క్రింద కాలు తీసివేశారు. "వీళ్ళను కలిపితే ఫలితం అంత బాగా కనిపించదు సార్" అన్నది. "ఫలితం నీది కాదమ్మా, ఆ రోగులది" అన్నాను. దొరికినవారిని లెక్కలో చేర్చింది. దొరకనివారు ఎందరో కూడా విడిగా వ్రాసింది.

వ్యాసం ఒక పత్రికకు వెళ్ళి తిరిగి వచ్చింది. సమీక్షకుల ప్రశ్నలకు జవాబులు వ్రాసుకొని, సరిదిద్ది, మరొక పత్రికకు పంపింది. ప్రస్తుతం ఎదురుచూస్తున్నది. తిరిగి వచ్చిన రోజున ఆమె కళ్ళు చెమర్చాయి. నేను ట్రంకుపెట్టెలోని నా వ్రాతప్రతి తీసి చూపించాను. కాగితాలు పసుపుబారాయి. "దీనికి పట్టిన గతి నీదానికి పట్టనీయకు" అని మాత్రం చెప్పాను.

పాఠకులారా, మీకు కూడా ఇందులో పని ఉన్నది. "పరిశోధనలో తేలింది" అంటూ ఏదైనా సందేశం మీ ఫోనుకు వచ్చినప్పుడు దానిని మరొకరికి పంపే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి. ఎంతమందిపై చేశారు? వారిని ఎవరితో పోల్చారు? మధ్యలో మానేసినవారు ఏమయ్యారు? డబ్బు ఎవరిచ్చారు? ఏ పత్రికలో వచ్చింది? మందులను పరీక్షించే అధ్యయనాలను రోగులను చేర్చుకొనక ముందే నమోదు చేయడానికి మన దేశంలో 2007 నుండి ఒక రిజిస్ట్రీ ఉన్నది. నచ్చని ఫలితాలను ఎవరూ మాయం చేయకుండా అది కొంతవరకు కాపు కాస్తుంది.

మరొక మాట. మీరు వైద్యం మధ్యలో ఆసుపత్రి మారినా, నయమై మానుకొన్నా, డబ్బు లేక ఆగిపోయినా, మొదటి వైద్యునికి ఒక్క ఫోను చేసి చెప్పండి. ఆయన లెక్కలో మీరు తప్పిపోకూడదు. మీకు జరిగినది తెలిస్తే, మీ తరువాత వచ్చే రోగికి అది ఉపయోగపడవచ్చు.

నేటికీ పల్లెల్లో పనిచేస్తున్న యువ వైద్యులు ఎవరైనా ఇది చదువుతుంటే, వారికి నా విన్నపం: చూచినది వ్రాసి పెట్టుకోండి. ఎందరిని చూచారో అందరినీ లెక్కించండి. తిరిగి వచ్చిన వ్యాసాన్ని మళ్ళీ పంపండి. నేను ఆ చివరి పని చేయలేదు.

వచ్చే వ్యాసంలో మధుమేహ రోగులు ఇంట్లో పాదాలను ఎలా పరీక్షించుకోవాలో తెలుసుకొందాం. సెలవు.