పొలుసుల వెనుక పొంచి ఉన్న ముప్పు

సోరియాసిస్ వచ్చిన బిడ్డను చూసినవారి కళ్లు ఆ వెండి రంగు పొలుసుల మీదనే ఆగిపోతాయి. తల్లి కళ్లూ అంతే. రాత్రి కొబ్బరినూనె, ఉదయం మలాము. ఆమె దినచర్య అంతా మోచేతుల మీది, మోకాళ్ల మీది మచ్చల చుట్టూ తిరుగుతుంది. ఆ బిడ్డ నడుము కొలత గాని, రక్తపోటు గాని చూడాలన్న ఆలోచన సాధారణంగా ఎవరికీ రాదు. చర్మవ్యాధికీ రక్తపోటుకూ సంబంధమేమిటి?

సంబంధం ఉన్నది. సోరియాసిస్ చర్మం మీద కానవచ్చినా దాని మూలం శరీర రక్షణ వ్యవస్థలో ఉన్నది. క్రిములతో పోరాడవలసిన కణాలు పొరబడి సొంత చర్మాన్ని రెచ్చగొడతాయి. సుమారు నెల రోజులు పట్టే చర్మకణాల ఎదుగుదల కొద్ది రోజుల్లోనే ముగిసి, అవి పొలుసులుగా పేరుకుంటాయి. ఇందుకు కారణమైన రసాయనాలు రక్తంతోపాటు దేహమంతా తిరుగుతాయి. ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతాయి. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు కూడా అటువంటి రసాయనాలనే పుట్టిస్తుంది. అందుకే ఈ రెండూ ఒకచోట చేరితే ఒకదానికొకటి ఆజ్యం పోసుకుంటాయి.

జర్మనీలో సుమారు 13 లక్షల మంది ఆరోగ్య బీమా వివరాలను పరిశీలించి 2010లో ఒక నివేదిక ప్రచురించారు. సోరియాసిస్ ఉన్న 20 ఏళ్లలోపు వారిలో స్థూలకాయం, మధుమేహం, రక్తపోటు వంటి తోడు వ్యాధులు మిగతా పిల్లలకన్న మొత్తం మీద రెండింతలుగా కనిపించాయి. అమెరికాలో 2018లో వెలువడిన మరొక పరిశీలన ఈ విషయాన్ని ఇంకొంచెం విడదీసింది: ఈ ముప్పులో స్థూలకాయానిదే పెద్ద వాటా, అయినా బరువు పెరగని పిల్లల్లోనూ సోరియాసిస్ ఉంటే ముప్పు కొంత అధికమే.

ఈ లెక్కల్లోకి ఎక్కని సంగతి ఒకటున్నది. పదేళ్ల బాలిక ఖోఖో ఆడుతున్నదనుకోండి. ఆమె మోకాళ్లు చూసి ఎవరో "అంటుకుంటుందేమో" అంటారు. అంటుకోదు. వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా దీన్ని కుష్ఠు నుంచి స్పష్టంగా వేరు చేసి చూపింది 1841లో. ఆ వార్త మన బడుల దాకా ఇంకా పూర్తిగా చేరినట్టు లేదు. మర్నాటి నుంచి ఆ పిల్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చుంటుంది. జాలిపడిన నాయనమ్మ కొసరి కొసరి జంతికలు పెడుతుంది. "మచ్చల మాటెలా ఉన్నా పిల్ల పుష్టిగా ఉంది" అని సంతోషిస్తుంది. తరువాత ఎప్పుడో ఒక వైద్యుడు నలుగురి ముందు "ఒళ్లు తగ్గించు" అంటే, ఆ పిల్ల తన దేహాన్ని గురించి సిగ్గుపడడానికి మరొక కారణం దొరుకుతుంది.

మచ్చలు త్వరగా మాయం కావాలన్న ఆత్రం మరొక ప్రమాదం. స్టెరాయిడ్ మాత్రలు మింగితే పొలుసులు తగ్గినట్టే తగ్గి, మందు ఆపగానే వ్యాధి మరింత ఉధృతంగా తిరగబెట్టవచ్చు. పైగా ఆ మాత్రలు ఆకలిని, బరువును, రక్తంలోని చక్కెరను పెంచుతాయి. దాచిన ముప్పుకు అవి నేరుగా తోడ్పడతాయన్నమాట.

అమెరికన్ నిపుణులు 2017లో సూచించిన పద్ధతిలో ఆడంబరమేమీ లేదు. సోరియాసిస్ ఉన్న పిల్లలకు రెండో ఏటి నుంచి ఏటేటా ఎత్తుకు తగ్గ బరువు ఉన్నదా అని చూడాలి. మూడో ఏటి నుంచి రక్తపోటు. 9, 11 ఏళ్ల నడుమ ఒకసారి రక్తంలోని కొవ్వు. స్థూలకాయులైతే పదో ఏటి నుంచి చక్కెర పరీక్ష. నిజానికి వీటిలో చాలా భాగం పిల్లలందరికీ చేయదగినవే. కనుక మచ్చలున్న పిల్లను ఒక్కతెనే త్రాసు ఎక్కించనక్కరలేదు. అక్కాతమ్ముళ్లను ఇద్దరినీ వరుసగా నిలబెట్టి కొలవవచ్చు. చేతికి పట్టీ బిగుసుకుంటుంటే ముందు తమ్ముడు కిలకిలా నవ్వుతాడు. ఆ నవ్వు ముగిసేలోగా అక్క పొడుగు చేతులు పైకి మడుచుకుంటుంది.