బెడ్ ఖాళీ ఉన్న ఊరు

పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద సముద్రం వైపు నుంచి వచ్చే బస్సు, హయత్‌నగర్, వనస్థలిపురం దాటి ఎల్బీనగర్ చౌరస్తాకు చేరేసరికి సగం ఖాళీ అవుతుంది. విజయవాడ, ఖమ్మం, సూర్యాపేట, నల్లగొండ వాళ్లకు హైదరాబాద్ అంటే ముందు ఇదే. చార్మినార్ సంగతి ఎప్పుడో తీరిక దొరికిన ఆదివారం. తెల్లవారుజామున బ్యాగు భుజాన వేసుకుని దిగిన కుర్రాడికి ఉద్యోగం కంటే ముందు ఓ మంచం కావాలి. అది దిల్‌సుఖ్‌నగర్‌లో దొరుకుతుంది.

విహారయాత్రల వ్యాసాల్లో ఈమధ్య ఒక రకం హోటల్‌ను తెగ మెచ్చుకుంటున్నారు. హడావుడి లేని బీచ్ ఊరికి దగ్గరగా, కొండవాలున, నాలుగు గదులతో ఉంటుందట. పిల్లలకు ప్రవేశం లేదు. నీళ్లు, కరెంటు ఆచితూచి వాడతారు, ఆ పూట మార్కెట్లో దొరికిందే వండి పెడతారు. కొండనూ సముద్రాన్నీ పక్కన పెడితే, ఈ లక్షణాలన్నీ ఉన్న భవనాలు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట సందుల్లో వీధికి నాలుగు. వాటిని హాస్టళ్లంటారు. పొదుపు వెనక పర్యావరణం మీద ప్రేమేమీ లేదు. కరెంటు బిల్లు ఓనర్ కడతాడు, అందుకని గీజర్ పొద్దున కాసేపే వేస్తారు.

సొంతిల్లు కట్టుకున్న కుటుంబం, పిల్లలు అమెరికాకో మాదాపూర్‌కో వెళ్లిపోయాక, పైన అంతస్తులు లేపి హాస్టల్‌కు ఇచ్చేస్తుంది. నడిపేది వేరేవాళ్లు. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్: గదిలో మంచాలు పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది. ఫోర్ షేరింగ్‌లో ఇనుప మంచాల మధ్య పక్కకు తిరిగి నడవాలి. ప్లగ్ పాయింట్లు రెండే ఉంటే ఫోన్ చార్జింగ్‌కు వంతులు. మంచం కింద సూట్‌కేసు, దిండు పక్కన కరెంట్ అఫైర్స్ పుస్తకం, కిటికీ గట్టు మీద అమ్మ కట్టిచ్చిన మాగాయ సీసా. ఆ సీసా ఎంత త్వరగా ఖాళీ అయితే హాస్టల్ కూర అంత ఘోరమని లెక్క. ఆదివారం చికెన్ ఉంటుంది. ఆ రోజు ఊరెళ్లినవాడి వాటా ఎవరికన్నది గదిలో పెద్ద పంచాయితీ. కూర మరీ నోట పెట్టలేకపోతే మూలమీద కర్రీ పాయింట్ ఉండనే ఉంది.

దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారు తన పొలాలను ప్లాట్లుగా వేసి అమ్మితే ఏర్పడిన కాలనీ కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ అయిందంటారు. ఎల్బీనగర్‌కు లాల్ బహదూర్ శాస్త్రి పేరు. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం రెండూ 2007లో జీహెచ్ఎంసీలో కలిసేదాకా విడివిడి మునిసిపాలిటీలే. బయటి నుంచి వచ్చినవాళ్లకు చోటివ్వడం మాత్రం ఇక్కడ అంతకంటే పాతది. సరూర్‌నగర్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో విక్టోరియా రాణి స్మారకంగా పెట్టిన అనాథ శరణాలయం ఉంది. వీఎం హోమ్ అంటే నగరంలో అందరికీ తెలుసు. ఈ ప్రాంతపు హాస్టళ్లన్నిటికీ పెద్దన్న అదే. మెట్రో స్టేషన్ కూడా దాని పేరునే ఉంది.

ఇక ఇంతమంది ఇక్కడెందుకున్నారంటే, కోచింగ్. గ్రూప్స్‌కు అశోక్‌నగర్ అంటే, డీఎస్సీకి, ఎస్సై, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలకు దిల్‌సుఖ్‌నగర్ అంటారు. నోటిఫికేషన్ వస్తే హాస్టళ్లు నిండుతాయి, పరీక్ష అయితే ఖాళీ అవుతాయి. పరీక్ష వాయిదా పడిందంటే ఇంకో నెల అద్దె. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకుతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఆ రెండేళ్లు ఊళ్లో తండ్రికి ఫోన్ చేసి డబ్బులడగడం ఎంత కష్టమో ఏ బడ్జెట్ లెక్కల్లోనూ కనపడదు. 2024 జూలైలో 11,062 పోస్టుల డీఎస్సీని వాయిదా వేయాలంటూ అభ్యర్థులు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డెక్కారు. చదవడానికి టైమ్ చాలదని వాళ్ల గోడు. పరీక్ష ఆగలేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న తెలంగాణ ఉద్యమంలో నియామకాల మాట ఈ వీధుల్లో ఇంకా పాతబడలేదు. ఆ ఉద్యమంలోనే 2009 నవంబరు 29న ఎల్బీనగర్ చౌరస్తాలో ఒంటికి నిప్పంటించుకున్న కాసోజు శ్రీకాంతాచారి నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన కుర్రాడే. చౌరస్తాలో ఆయన విగ్రహం ఉంది.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర పేలిన బాంబులు కూడా టిఫిన్ సెంటర్ల ముందు నిలబడ్డ ఇలాంటి పిల్లల్ని తాకాయి. ఆ తర్వాతా ఆకలేస్తుంది కాబట్టి ఆ టిఫిన్ సెంటర్లు మళ్లీ వెలిగాయి. దాన్ని ధైర్యమని పొగడటం నాకు ఇష్టం ఉండదు. వేరే దారి లేదు, అంతే.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో మొదలయ్యాక హాస్టళ్లలో మొహాలు మారాయి. అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీ వెళ్లొచ్చే ఉద్యోగులు చేరారు. సగం జీతం అద్దెకు పోయే గచ్చిబౌలి కంటే ఈ దూరమే నయమని వాళ్ల లెక్క. లేడీస్ హాస్టళ్లలో రాత్రి గేటుకు తాళం పడుతుంది. ఆఫీసు బస్సు ఆలస్యమైతే పాతికేళ్ల ఉద్యోగిని వార్డెన్‌కు సంజాయిషీ చెప్పుకోవాలి. పక్క వీధి బాయ్స్ హాస్టల్ గేటుకు అసలు తాళమే ఉండదు.

కొత్తపేటలో మామిడికాయల వాసనతో ఎండాకాలాన్ని చాటే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి వస్తే నర్సులూ, రోగుల వెంట వచ్చేవాళ్లూ మంచాలడుగుతారని ఓనర్లు ఇప్పట్నుంచే లెక్కలేసుకుంటే ఆశ్చర్యం లేదు. అంతస్తులు ఇంకా లేస్తాయి. కాకపోతే ఆ అంతస్తులన్నిటికీ దిగడానికి చాలాచోట్ల ఒకటే మెట్ల వరస, అందులోనూ కింద వరసగా బైకులు. కరెంటు స్తంభానికి కట్టిన బోర్డు చూసి ఫోన్ చేసేవాళ్లు అద్దెంత, అడ్వాన్స్ తిరిగిస్తారా అని అడుగుతారు. రాత్రి నిప్పంటుకుంటే ఎటు దిగాలని కూడా అడగాలి.