పట్టాలు పోయిన కొండదారి

సైకిలెక్కిన కాసేపటికే చీకటి. మోంటానా, ఐడహో రాష్ట్రాల మధ్య బిటర్‌రూట్ పర్వతాలను తొలిచిన సెయింట్ పాల్ పాస్ సొరంగం ఇది. పొడవు 1.66 మైళ్లు. బయట జులై ఎండ, లోపల వణికించే చలి. కప్పు నుంచి నీటిచుక్కలు మెడమీద పడుతుంటాయి. అరకు రైల్లో సొరంగం రాగానే పిల్లలు పెట్టే కేకలే ఇక్కడా వినిపిస్తాయి. రాష్ట్రం మారేది కూడా ఈ చీకట్లోనే.

అవతల ద్వారం పక్కన జలపాతం. అక్కడి నుంచి దారి ఏరులా కొండను చుట్టుకుంటూ దిగుతుంది. మొత్తం 15 మైళ్లు, 10 సొరంగాలు, 7 ఉక్కు వంతెనలు. దిగేది సుమారు వెయ్యి అడుగులే. బరువైన రైలు ఎక్కాలంటే వాలు వందడుగులకు రెండడుగులైనా ఉండకూడదని ఆనాటి ఇంజనీర్లు లోయంతా చుట్టి దారి వేశారు. అందుకే ఒకచోట ఆగి లోయ అవతలికి చూస్తే, ఇంకాసేపట్లో మనం దాటబోయే వంతెనలు కిందుగా కనిపిస్తాయి. రైలు కోసం పడ్డ ఆ శ్రమే ఈనాడు ఎనిమిదేళ్ల పిల్లకూ, ఆమె తాతకూ కొండను అందుబాటులోకి తెచ్చింది.

వంతెనల్లో అన్నిటికన్నా ఎత్తయినది 230 అడుగులు. దానిమీద కింది దేవదారు చెట్ల కొనలు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

ఈ అడవి ఒకసారి నిలువునా కాలింది. 1910 ఆగస్టు 20, 21 తేదీల్లో కార్చిచ్చు కొండలన్నీ కమ్మేసినప్పుడు రైలు సిబ్బంది దొరికినవాళ్లను దొరికినట్టు ఎక్కించుకుని, మంటల మధ్యనుంచి రైళ్లను సొరంగాల్లోకి తోలుకొచ్చారు. ఆ చీకటే వాళ్లను బతికించింది. ఇది తెలిశాక సొరంగం గోడను తాకకుండా ముందుకు పోలేకపోయాను.

ఆ రైళ్లను నడిపిన మిల్వాకీ రోడ్ అనే కంపెనీ దివాలా తీసి, 1980లో ఈ దారిని వదిలేసింది. పట్టాలు ఊడబీకారు. 1998లో సైకిళ్లకు తెరిచి, ఒకప్పటి ఒలింపియన్ హయావథా రైలు పేరే దారికి పెట్టారు. పట్టాలు పోయినా కట్టను పోనివ్వకపోవడం గొప్ప పని.

దారి పియర్సన్ దగ్గర ముగుస్తుంది. బస్సు పైకి తీసుకెళ్తుంది గానీ సొరంగం ఇవతలే దింపుతుంది. మనం బయల్దేరినచోట ఆపిన కారు అవతల ఉంటుంది. ఆ చీకటిని మళ్లీ దాటాలి కాబట్టి దీపంలో ఛార్జింగ్ మిగుల్చుకోండి.