ఓటీపీ ఎవరి ఫోనుకి వచ్చింది?

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు మా గదిలో పెద్ద చర్చే జరిగింది. ఒకరు అంబేద్కర్ గారి మీద రాద్దామన్నారు, ఒకరు మెస్ చార్జీల మీద రాద్దామన్నారు. ఆ రెండింటి మీదా ప్రతి ఏడూ మాకంటే బాగా రాసేవాళ్లున్నారు. చివరికి మేం వీడియో గేముల మీద రాస్తామంటే అందరూ నవ్వారు. "పీజీ చదువుకుంట గేముల మీద వ్యాసమా అన్నా?" అన్నారు. నవ్వినవాళ్లు చివరిదాకా చదివి మళ్లీ నవ్వినా మాకేం అభ్యంతరం లేదు.

మా గదిలో నలుగురం. అల్వాల్ వచ్చిన కొత్తలో నలుగురికీ కలిపి సరిగా పనిచేసే ఫోన్లు రెండే. అందులో ఒకటి మా చిన్నోడిది. డిగ్రీ మొదటి సంవత్సరం, గదిలో అందరికంటే చిన్న, కనుక ఆ పేరే ఖాయమైపోయింది. వాళ్లది గజ్వేల్ దగ్గర పల్లె. ఆ ఫోను సికింద్రాబాద్‌లో సెకండ్ హ్యాండులో కొన్నది, తెర మీద ఒక మూల పగులు. రాత్రి అన్నాలు తిన్నాక, రాజీవ్ రహదారి మీద బస్సుల రొద కాస్త తగ్గే వేళకి, ఒకడు ఆడుతుంటే ముగ్గురం భుజాల మీదుగా వంగి చూసేవాళ్లం. "ఎనక ఉన్నడు, ఎనక ఉన్నడు!" అని అరిచేవాళ్లం. ఖాతా చిన్నోడిదే గాని ఆడింది నలుగురం. ఆ గేము పేరు ఇక్కడ రాయం. తప్పు వాళ్లదో మాదో ఇప్పటికీ తేలలేదు.

మొదట్లో మాది గెస్టు ఖాతా. అంటే పేరూ ఊరూ చెప్పకుండా ఆడుకోవచ్చు. ఒకరోజు తెర మీద నోటీసు వచ్చింది: ఫలానా తేదీలోగా మీ ఖాతాని ఇంకో ఖాతాకి లింకు చేసుకోండి, లేకపోతే ప్రవేశం లేదు. ఆ ఇంకో ఖాతా తెరవాలంటే ఫోన్ నంబరు కావాలి. చిన్నోడి సిమ్ము ఎవరో చుట్టం పేరు మీద ఉంది, అది ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని నమ్మకంగా ఉంటుందని వాళ్ల నాయన నంబరు ఇచ్చాడు. ఓటీపీ ఊళ్లో ఉన్న నాయన ఫోనుకి వెళ్లింది. ఆయనకి చదువు రాదు. ఫోను పట్టుకుని కిరాణా కొట్టుకి పోయి అక్కడి పిల్లాడితో అంకెలు చదివించేసరికి దాని గడువు అయిపోయింది. మూడోసారికి గాని పని కాలేదు. "ఏం నంబరు బిడ్డా ఇది? ఫీజుదా?" అని నాయన అడిగితే చిన్నోడు "ఆ, అసొంటిదే" అన్నాడు. ఆ మాటకి తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

ఆ వేసవిలో నాయనకి పని దొరకలేదు. రీచార్జి చేయలేదు. అవసరమైతే పక్కింటి ఫోన్ నుంచి మాట్లాడేవాడు. రీచార్జి లేని నంబరు ముందు మూగబోతుంది, తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. ఆగిన నంబరుని కనీసం 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చుకోవచ్చని నిబంధన ఉంది. 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన విషయమే ఇది. మాకు అప్పుడు తెలియదు. ఇంతలో చిన్నోడి ఫోను బాత్రూంలో బకెట్లో పడింది. రిపేరు చేసినతను అంతా చెరిపేసి ఇచ్చాడు. గేము మళ్లీ ఎక్కిస్తే లాగిన్ అడిగింది. ఓటీపీ పంపామంది. ఎవరికి పంపింది?

"అన్నా, లాగిన్ అయితలేదే" అన్నాడు చిన్నోడు. మేం ముందు నవ్వాం. వాడు ఆ రాత్రి అన్నానికి రాలేదు. రెండేళ్ల ఆట, నలుగురం కలిసి గెలిచినవన్నీ అందులోనే ఉన్నాయి.

ఆ నంబరుకే ఫోన్ చేశాం. ఒక అమ్మ ఎత్తింది. "ఎవలు?" అంది. సంగతంతా చెప్పాం. "ఆ నంబర్లు ఎవలడిగినా చెప్పొద్దని మా కొడుకు చెప్పిండు" అని పెట్టేసింది. ఆమె చేసిందే సరైన పని. మనమే ఊళ్లో మన అమ్మలకి అదే చెప్పి వస్తాం కదా!

ఈ బాధ మా గదిదొక్కటే అనుకున్నాం. కాదని తర్వాత చదివితే తెలిసింది. హెల్‌డైవర్స్ 2 అని ఒక గేము 2024 ఫిబ్రవరిలో వచ్చింది. తయారుచేసింది స్వీడన్‌లోని యారోహెడ్ అనే స్టూడియో, అమ్మింది సోనీ. కంప్యూటరులో ఆడేవాళ్లు దాన్ని స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో 40 డాలర్లు పోసి కొన్నారు. మొదట్లో సర్వర్ల ఇబ్బంది వల్ల ఖాతా లింకు చేయకుండానే ఆడనిచ్చారు. మే 3న సోనీ ఒక ప్రకటన చేసింది: ఇకమీదట కంప్యూటరు వాళ్లు కూడా ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతాకి లింకు చేసుకోవాల్సిందే అని. అల్లరి చేసేవాళ్లని పట్టుకుని తీసేయడానికి, ఆటగాళ్ల భద్రతకి అని కారణం చెప్పింది. కారణం పూర్తిగా అబద్ధమేమీ కాదు. మోసం చేసి గెలిచేవాళ్ల చేతిలో మేమూ ఎన్నిసార్లు చచ్చామో లెక్కలేదు.

కానీ ఆ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అప్పటికి ప్రపంచంలో 70 దేశాలకి అటూ ఇటూగా మాత్రమే ఉండేది. మన దేశంలో ఉంది. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో లేదు, ఎస్తోనియాలో లేదు, లాత్వియాలో లేదు. గేము వాళ్లకి అమ్మారు, డబ్బు తీసుకున్నారు, ఇప్పుడు లేని ఖాతాకి లింకు చేయమంటున్నారు! ఖాతా తెరవగల దేశాల వాళ్లకీ కోపం వచ్చింది. 2011లో ఇదే నెట్‌వర్క్‌లోకి దొంగలు చొరబడి 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు బయటపడ్డాయి, మా వివరాలు మళ్లీ మీకెందుకివ్వాలి అన్నారు. రెండు మూడు రోజుల్లో స్టీమ్‌లో రెండు లక్షలకి పైగా వ్యతిరేక రివ్యూలు రాశారు. స్టూడియో అధిపతి యోహాన్ పిలెస్టెట్ ఇందులో తన తప్పు కూడా ఉందని ఒప్పుకున్నాడు. మే 6 కల్లా సోనీ వెనక్కి తగ్గింది. ఆ కంపెనీయే 2025 జనవరిలో తన ఇంకొన్ని కంప్యూటరు గేములకి కూడా ఆ లింకు తప్పనిసరి కాదని ప్రకటించింది.

మాకు అంతకంటే ఎక్కువ మనసుకి తాకింది ఓవర్‌వాచ్ 2 సంగతి. 2022 అక్టోబరు 4న వచ్చిన ఆ గేముకి బ్లిజార్డ్ కంపెనీ ఫోన్ నంబరు తప్పనిసరి చేసింది. అదైనా ఎవరి నంబరైనా కాదు, ప్రీపెయిడ్ నంబరు చెల్లదంది! అమెరికాలో నెలనెలా బిల్లు కట్టే కనెక్షన్ తీసుకోలేని వాళ్లే ఎక్కువగా ప్రీపెయిడ్ వాడతారట. వాళ్లు గోల పెట్టారు. వారం తిరక్కుండానే కంపెనీ చాలామంది పాత ఆటగాళ్లకి ఆ షరతు తీసేసింది. మన దేశంలో నూటికి తొంభైకి పైగా కనెక్షన్లు ప్రీపెయిడ్‌వే. మా హాస్టల్లో అయితే నూటికి నూరు. డబ్బున్నవాడి నంబరు నంబరు, లేనివాడి నంబరు అనుమానం... దేశం మారినా ఈ ముక్క మారలేదు.

మన దగ్గర ఈ గోల పబ్జీతో మొదలైంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. పాత ఆటని కొత్తదానిలోకి తెచ్చుకోవడానికి ఆ ఏడాది చివరిదాకా గడువిచ్చారు గాని, సోషల్ మీడియా ఖాతాకి లింకు చేసి ఉన్నవాళ్లకే అది కుదిరింది. గెస్టుగా ఆడిన పల్లెటూరి పిల్లలు సున్నా నుంచి మొదలుపెట్టారు. 18 ఏళ్లలోపు వాళ్లు తల్లిదండ్రుల నంబరు ఇవ్వాలన్నారు. పిల్లలు గంటలు గంటలు ఆడకుండా అది మంచిదే. కానీ ఇంట్లో ఒక్క నంబరూ లేనివాళ్లు ఎవరి నంబరు ఇస్తారు?

లింకు అడిగేవాళ్ల ఊహలో మనిషికి ఒక స్థిరమైన నంబరు, స్థిరమైన చిరునామా, అన్ని కాగితాల మీదా ఒకే పేరు ఉంటాయి. మా హాస్టల్లో అలాంటివాడు ఒక్కడుంటే చూపించండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పదో తరగతి మెమోలో వెనకుంటుంది. చిరునామా ఊళ్లోది, మనిషి అల్వాల్‌లో. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఫోన్ నంబరుకీ బ్యాంకు ఖాతాకీ ఆధార్ లింకు తప్పనిసరి చేయకూడదంది. ప్రభుత్వ సాయం పొందేవాళ్ల దగ్గర మాత్రం అడగవచ్చంది. మనం ఆ రెండో వరుసలో ఉన్నవాళ్లం. గేము ఆడేవాళ్లు రెండు లక్షల రివ్యూలు రాశారు. మన ఫారాలకి రివ్యూ రాసే చోటు మాకు ఎక్కడా కనపడలేదు.

ఫారం అన్నాం కనుక మిగతాది కూడా చెప్పాలి. గేము పోయిన నాలుగు నెలలకి చిన్నోడి స్కాలర్‌షిప్ ఫారంలో ఒక తప్పు దిద్దాల్సి వచ్చింది. తెరిస్తే ఓటీపీ. చేరేటప్పుడు అక్కడా నాయన నంబరే ఇచ్చాడు. నంబరు మార్చుకుందామంటే, మార్చడానికి కూడా పాత నంబరుకే ఓటీపీ! గడువు ఇంకా నాలుగు రోజులు. ఈసారి మాలో ఎవరూ నవ్వలేదు.

మళ్లీ ఆ అమ్మకే ఫోన్ చేశాం. చాలాసేపు విన్నది. "ఫోన్ల చెప్ప. మనిషి అస్తే చూస్త" అంది. ఎక్కడుంటావమ్మా అంటే మేడ్చల్ అంది. ఆదిలాబాద్ అని ఉంటే ఏం చేసేవాళ్లమో! మర్నాడు ఇద్దరం అల్వాల్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కాం. బొల్లారం, గుండ్లపోచంపల్లి దాటుతున్నంతసేపూ చిన్నోడు హాస్టల్ ఐడీ కార్డూ, ఆధారూ, కాలేజీ ఫీజు రశీదూ ఉన్న ప్లాస్టిక్ కవరుని ఒళ్లోంచి తీయలేదు.

ఆమె బస్టాండు దగ్గర పూలమ్ముతుంది. కాగితాలు చూపిస్తే "నాకేం తెలుస్తయి బిడ్డా అవి" అని పక్కకి పెట్టింది. ఏ ఊరు, నాయన ఏం చేస్తడు, ఎందరు అక్కచెల్లెండ్లు అని అడిగింది. అడిగి అడిగి, చీర కొంగుకి తడి చేయి తుడుచుకుని ఫోను తీసి ఇచ్చింది. మొదటిసారి నెట్ అందక గడువు దాటింది. రెండోసారి వచ్చింది. చిన్నోడి చేతులు వణుకుతుంటే అంకెలు మేమే కొట్టాం. నంబరు మారింది.

ఫోను తిరిగిస్తుంటే ఆమె తీసుకోలేదు. "ఇంకేమన్న ఉన్నదా? ఉంటే గిప్పుడే సూస్కో, మల్ల మల్ల అస్తరా ఇంత దూరం" అంది. చిన్నోడు మా వైపు చూశాడు. గేము వాడి ఫోన్లో అలాగే ఉంది, లాగిన్ పేజీ దగ్గర ఆగి. ఒక్క ఓటీపీ చాలు.

"ఏం లేదమ్మా" అన్నాడు. ఇరవై రూపాయల బంతిపూలు కొన్నాం, ఆమె పది మూరలు ఇచ్చింది. అన్ని పూలు హాస్టల్లో ఏం చేసుకోవాలో తెలియక మెస్‌లో ఉన్న అంబేద్కర్ గారి పటానికి వేశాం.