మామయ్య గొంతు, నాలుగు డిస్కుల పెట్టె

మా మామయ్య ఏ వీడియోలోనూ కనిపించడు. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది గనుక ఆయన గొంతు మాత్రమే వినిపిస్తుంది. "ఇటు చూడు వదినా", "ఆ పిల్లవాణ్ణి కాస్త ముందుకు జరపండి"... సైన్యంలో పదవీవిరమణ చేసి, తోటివారు చాలామంది వలెనే నేరేడ్‌మెట్‌లో ఇల్లు కట్టుకున్న నాటి నుండి, బంధువుల ఇళ్ళలో జరిగిన ప్రతి శుభకార్యాన్నీ మినీ డీవీ క్యాసెట్లలో పట్టి దాచాడు. ఆయన పోయిన తరువాత ట్రంకుపెట్టె తెరిచి లెక్కిస్తే 110 క్యాసెట్లు.

"ఆయన మాటలన్నీ ఒకచోట చేర్చి ఇవ్వగలవా నాయనా?" అని అడిగింది అత్తయ్య. సరేనన్నాను. మాట ఇచ్చినంత సులువుగా పని సాగితే ఈ టపా వ్రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

మినీ డీవీ గంటకు సుమారు 13 జీబీ. క్యాసెట్లన్నీ కలిపినా ఒకటిన్నర టీబీకి లోపే. కాని నా ఆశ అక్కడితో ఆగలేదు. 2022లో బంధువుల ఇళ్ళకు వెళ్ళి, మామయ్య గురించిన జ్ఞాపకాలను రెండు కెమెరాలతో 4కేలో పట్టుకొచ్చాను. వాటిని ఎడిటింగుకు అనువుగా ప్రోరెస్‌లోకి మారిస్తే గంటకు 220 జీబీ! అప్పుడు మొదలయింది నాలుగు డిస్కుల పెట్టె వేట.

తొలుత నన్ను మోసగించబోయినది ప్లగ్గు. థండర్‌బోల్ట్ 3కీ యూఎస్‌బీకీ ఒకే ఆకారపు టైప్-సి మూతి. థండర్‌బోల్ట్ మాత్రమే తెలిసిన పెట్టెను యూఎస్‌బీ మాత్రమే ఉన్న నా కంప్యూటరుకు తగిలిస్తే చక్కగా దూరుతుంది, పలకదు. కొనబోయి, చివరి నిమిషంలో ఆగాను. వేగం గురించి ఎక్కువ బెంగ పడనక్కరలేదని తరువాత తెలిసింది. రెండు కెమెరాల దృశ్యాలూ ఒకేసారి నడిచినా సెకనుకు 125 ఎంబీ చాలు. తిరిగే డిస్కు ఒక్కటే ఉంటే దాని ముల్లు రెండు ఫైళ్ళ మధ్య అటూ ఇటూ పరుగెత్తి అలసిపోతుంది. నాలుగు కలిస్తే ఆ భారం తెలియదు.

డిస్కుల విషయంలో మాత్రం జాగ్రత్త పడ్డాను. కొన్నిటిలో సమాచారపు వరుసలు పెంకుటింటి కప్పు వలె ఒకదానిపై ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. నడుమ ఒక పెంకు మార్చాలంటే పైవాటిని కూడా తీసి పేర్చాలి. చోటు కలిసి వస్తుంది, పదే పదే వ్రాసే పనికి చతికిలబడతాయి. ఇటువంటివాటిని తయారీదారులు చెప్పకుండా అమ్ముతున్నారని 2020లో పెద్ద గొడవే జరిగింది.

నాలుగు టీబీల డిస్కులు నాలుగు, రెయిడ్ 5 అమరిక. వాడకానికి పన్నెండు టీబీలు. ఒక డిస్కు పోయినా మిగిలిన మూడింటి నుండి దానిని తిరిగి లెక్కకట్టవచ్చు. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు తమ పత్రంలో రెయిడ్ అన్న పేరు పెట్టినప్పుడు అందులోని 'ఐ'కి చవకైన అని అర్థం. తరువాత అమ్మేవాళ్ళు దానిని 'స్వతంత్రమైన' అని మార్చుకున్నారు. నా జేబుకు రెండవ అర్థమే సరిపోయింది. డిస్కు పోతే ఏమిటన్నది ఆలోచించాను. పెట్టె పోతే?

పోయింది. 2023 వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక దీపం వెలగలేదు. డిస్కులకు ఏ గాయమూ లేదు, పెట్టెలోని బోర్డు కాలింది. ఆ నమూనా తయారీ అప్పటికే ఆగిపోయింది. నాలుగు డిస్కులనూ ఊడదీసి, తువ్వాలులో చుట్టి, స్కూటరు మీద పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పట్టుకుపోయాను. అక్కడ ఒక దుకాణంలో వేరే పెట్టెలో పెట్టి చూస్తే, "ఇనిషియలైజ్ చేయమంటారా?" అని అడిగింది కంప్యూటరు. నా వేలు కదిలింది కాబోలు, కుర్రవాడు గబుక్కున మౌసు లాక్కున్నాడు. "నొక్కకండి సార్! ఆ పెట్టె భాష ఆ పెట్టెకే తెలుసు."

క్యాసెట్లు ట్రంకులో భద్రంగానే ఉన్నాయి. కెమెరా కార్డులు మాత్రం ఎప్పుడో తుడిచి తిరిగి వాడేశాను. మా పెద్దమ్మ, అంటే మామయ్యకు అక్క, నా కెమెరా ముందు గంటన్నర మాట్లాడి, నాలుగు నెలల తరువాత కన్ను మూసింది. ఆ గంటన్నరకు మరో ప్రతి లేదు. రెయిడ్ ఉన్నది కదా అని తీయలేదు.

ముందు నాలుగు కొత్త డిస్కులు కొని, పాతవాటిని ఉన్నవి ఉన్నట్టుగా వాటిలోకి దింపుకున్నాను. పిదప ప్రతుల మీదనే వెతుకులాట. ఊడదీసేటప్పుడు అంకెలు వేసుకోని పాపానికి నాలుగు డిస్కులకు ఇరవై నాలుగు వరుసలు. ప్రతి వరుసకూ ముక్క పరిమాణం ఎంతో, సరిచూపు ముక్క ఏ దిశలో తిరుగుతుందో ఊహించాలి. చిన్న చిన్న ఫోటోలు తెరుచుకునేవి, పెద్ద వీడియోలు తెరుచుకునేవి కావు. ఒకే ముక్కలో ఇమిడిపోయే ఫైలుకు వరుసతో పని లేదని చాలా ఆలస్యంగా వెలిగింది.

తొమ్మిదవ రాత్రి పెద్దమ్మ తెర మీదకు వచ్చింది. "వాడు చిన్నప్పుడు అసలు మాట్లాడేవాడు కాదురా. మూగవాడేమోనని అమ్మ బెంగ పెట్టుకున్నది" అంటోంది. నేను ఆపకుండా గంటన్నరా చూశాను.

ఇప్పటి పెట్టెకు తెలివి లేదు, ఏరి ఏరి తెలివి లేనిదే తెచ్చాను. నాలుగు డిస్కులనూ కంప్యూటరుకు విడివిడిగా చూపి ఊరుకుంటుంది. రెండేసి డిస్కులను జతగా అద్దంలా ఉంచే పని ఆపరేటింగ్ సిస్టందే. పన్నెండు టీబీలకు బదులు ఎనిమిదే. పని మొదలుపెట్టక ముందే ఉత్త ఫైళ్ళు నింపి, డిస్కులు ఊడదీసి, పక్కింటి వారి దగ్గర తెచ్చిన వేరే పెట్టెలో పెట్టి చూశాను. చదివింది. మీలో ఎవరైనా కొనేటట్లయితే దుకాణంలోనే ఈ పరీక్ష చేయించండి, వాళ్ళు విసుక్కున్నా సరే. యూపీఎస్ ఒకటి చేరింది. మరొక ప్రతి విశాఖలో మా తమ్ముడి బీరువాలో ఉన్నది.

డిస్కుల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తెల్ల కాగితం అంటించాను. ఇంకా ముప్పై ఏడు క్యాసెట్లు ఎక్కించవలసి ఉన్నాయి. అత్తయ్య ప్రతి ఆదివారం వచ్చి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అయినంతవరకు వినిపోతోంది.