ఎల్లన్న పాటకు చోటెక్కడ?

జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వెలువడింది. 2010లో ‘అన్‌టచబుల్ స్ప్రింగ్’గా ఇంగ్లీషులోకి వెళ్లింది. మేము దాన్ని మా వాడలో, చదువురాని పెద్దల నడుమ, గొంతెత్తి చదువుకున్నాం.

దళిత నవల రాగానే విమర్శలో ఒక ప్రశ్న లేస్తుంది: ఇది నవలా, చరిత్రా? ఆ ప్రశ్న మమ్మల్నీ తొలిచింది. అయితే ఇందులోని ఎల్లన్నను చూడండి. పాట కట్టినవాడు, ఆడినవాడు. సాహిత్య చరిత్రలో అతనికి చోటు లేదు. అతని కథ రూతు జ్ఞాపకంలో బతికింది. రాతకెక్కని మనిషికి జ్ఞాపకమే ఆధారం. జ్ఞాపకం వరుసగా నడవదు. మధ్యలో ఆగి నిలదీస్తుంది. ఈ నవల నడక కూడా అలాంటిదే.

వింటున్న మా పెద్దలు తమ తాతల పాటలు తలచుకున్నారు. కొన్నిటికి పల్లవే మిగిలింది, చరణాలు పోయాయి. కట్టినవారి పేర్లు ఎవరికీ గుర్తులేవు.

విమర్శకులు కొలబద్ద తేవచ్చు, తప్పులేదు. కానీ అది ఎవరి పాటలను వదిలేసి తయారైందో కూడా చెప్పాలి. ఈలోగా మన పని మనకుంది: మిగిలిన పల్లవులను, పాడేవారు ఉండగానే, వారి పేర్లతో సహా రాసిపెట్టుకోవాలి.