ఫోను పెట్టేయకండి

నిరుడు కార్తీకంలో మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన వేళకు మేమిద్దరమూ ఆఫీసుల్లో ఉన్నాము. ఇంట్లో తోడు అమ్మ ఒక్కతే. 911 అన్న అంకె ఆమెకు మేమే నేర్పాము. నేర్పేశాం కదా అని నిశ్చింతగా ఉన్నాము కూడా.

అమ్మ ఫోను చేసింది. అవతలి గొంతు ఏదో అడిగింది. "తెలుగు, తెలుగు" అని రెండుసార్లని, భయపడి పెట్టేసింది. వెంటనే అటునుంచి ఫోను మోగింది. అమ్మ తీయలేదు. అది ఇంటి ఫోను కాబట్టి చిరునామా వాళ్ళకు తెలిసింది. ముందు పోలీసు, వెనకాలే అంబులెన్సు వచ్చాయి.

ఆసుపత్రిలో ఒకటే ప్రశ్న: ఎన్నింటికి మొదలైంది? రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. అమ్మేమో "కుక్కరు దించి పోపు వేస్తున్నాను" అంటుంది. ఆ పోపును గడియారంలోకి మార్చి చెప్పడానికి, మేము పరుగున చేరేదాకా ఎవరూ లేరు. మందు సమయానికే పడింది. నాన్నగారు నడుస్తున్నారు. కుడిచెయ్యి మాత్రం ఇంకా అన్నం కలపనివ్వడం లేదు.

"ఏం చెయ్యనర్రా? మన 108 వాళ్ళయితే తెలుగులోనే అడుగుతారు కదా" అంది అమ్మ. నిజమే. ఆ 108 ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైంది. ఇక్కడి 911కి తొలి పిలుపు 1968లో అలబామాలోని హేలీవిల్‌లో మోగింది. ఫోనులో దుబాసీల ఏర్పాటు ఒకటి 1982లో శాన్ హోసేలో, వియత్నాం శరణార్థుల కోసం పుట్టింది. ఇప్పుడు చాలా 911 కేంద్రాలు అలాంటి దుబాసీని మూడో మనిషిగా కలుపుతాయి. తెలుగు దుబాసీలూ ఉన్నారు. అయితే ఆ మనిషి కలిసేదాకా మనం లైనులో ఉండాలి. ఈ సంగతే అమ్మకు మేము చెప్పలేదు.

ఇప్పుడు మా ఫోను పక్కన తెలుగు లిపిలో ఒక కాగితం అంటించాము. ముందు ఇంటి చిరునామా, అపార్టుమెంటు నంబరుతో సహా. సెల్‌ఫోను ఉజ్జాయింపుగా చోటు చూపుతుందేగాని తలుపు చూపదు. తరవాత "తెలుగు, ఇండియా, ఇంటర్‌ప్రెటర్" అన్న మూడు మాటలు. ఆఖరున పెద్ద అక్షరాలతో: ఫోను పెట్టేయకు. పొరపాటున చేసినా సరే, పెట్టేయకుండా పొరపాటని చెప్పాలి.

అమ్మచేత రోజూ సాయంత్రం వల్లె వేయిస్తున్నాము, ఫోను ముట్టుకోకుండా. వచ్చే వేసవికి మీ ఇళ్ళకూ పెద్దలు వస్తారు. అంకెతోబాటు ఆ మూడు మాటలూ నేర్పండి. మేము అంకె నేర్పి ఊరుకున్నాము.